మీ ఇంట్లో తుపాకీ ఉందా?

డాలస్ దగ్గర నుంచి,
శనివారం రాత్రి

నాన్నా,

మొన్న ఫోన్లో "అంత భయమైతే మీరూ ఒక తుపాకీ కొనుక్కోరాదూ" అన్నావు. నేను నోరు తెరిచేలోపే అమ్మ ఫోన్ లాక్కుని సకినాల సంగతి ఎత్తుకుంది. అందుకే రాస్తున్నా.

కొనడం పెద్ద పనేం కాదు. మాలా వీసా మీద ఉన్నవాళ్ళకు అమ్మకూడదని చట్టం ఉంది. వేట లైసెన్సు ఉంటే మాత్రం ఆ అడ్డు పోతుంది. ఆ లైసెన్సు స్పోర్ట్స్ సామాన్ల షాపు కౌంటర్లోనే అమ్ముతారు. మా ఆయన ఆఫీసులో ఒకతను అలాగే కొన్నాడు. జన్మలో జింక వెంట పడింది లేదు! టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్ళు దాటినవాళ్ళు చాలామంది పర్మిట్ లేకుండానే పిస్టల్ నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. అందుకే కొన్ని షాపుల తలుపుల మీద తుపాకీతో లోపలికి రావద్దని బోర్డులుంటాయి, మన దగ్గర "చెప్పులు బయట విడవండి" అన్నట్టు.

చిన్నప్పుడు నేను చూసిన ఒకే ఒక్క తుపాకీ మీ బ్యాంకు బ్రాంచి గార్డు తాతది. డబుల్ బ్యారెల్, కర్రంతా చేతులు తగిలి నున్నగా అరిగిపోయింది. అన్నం తినేటప్పుడు కూడా మోకాళ్ళ మధ్యే పెట్టుకునేవాడు. నేను దగ్గరికెళ్తే "బిడ్డా, దూరం" అనేవాడు. మన దగ్గర తుపాకీ అంటే అదీ, ఎవరో ఒకరు కాపలా ఉండే వస్తువు. బాబాయి చేను కాపలాకని తుపాకీ లైసెన్సుకి అర్జీ పెట్టుకున్నాడు చూడు, ఎంక్వైరీలు అయ్యేసరికి పందులు రెండు పంటలు తినిపోయాయి.

ఇక్కడ అది బీరువాలో వస్తువు. 2017 లెక్కల ప్రకారం వంద మందికి 120 తుపాకీలు. మన దేశంలో లైసెన్సు లేనివి కలిపి అంచనా వేసినా వందకి 5. జపాన్‌లో ఒకటి కూడా రాదు.

పోయిన వారం చిన్నదాన్ని క్లాస్‌మేట్ వాళ్ళ ఇంటికి ఆడుకోను పిలిచారు. ఇక్కడ తల్లులు పంపేముందు అడుగుతారు. ఆ క్లాస్‌మేట్ తల్లికి మెసేజ్ పెట్టా: కుక్క ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా. మూడో ప్రశ్న టైప్ చేసి చెరిపేశా. మళ్ళీ టైప్ చేశా. మనమైతే ఎవరినైనా "మీ ఇంట్లో తుపాకీ ఉందా" అని అడిగితే తరతరాలు మాట్లాడుకోరు. ఆమె ఏమీ అనుకోలేదు. "నాలుగున్నాయి, తాళం వేసి ఉంటాయి, వచ్చి చూడండి" అంది. వెళ్ళాను. గ్యారేజీలో మన గోద్రెజ్ బీరువా అంత ఇనప సేఫ్. అందులో ఒక పాత రైఫిల్ వాళ్ళ తాతదట. అమ్మ నానమ్మ కాసులపేరు తీసి చూపించినట్టు రెండు చేతులతో ఎత్తి చూపించింది. ఆమె మీద నాకు కోపం రాలేదు నాన్నా. తుపాకీ ఉంచుకోవడం 1791 నుంచి ఇక్కడి రాజ్యాంగంలో ఉన్న హక్కు, ఆమెకది తాత గుర్తు.

కానీ అందరికీ ఆ సేఫ్ ఉండదు. మంచం పక్క సొరుగులో పెట్టుకునేవాళ్ళే నాకు భయం. 2021లో ఇక్కడ తుపాకీ వల్ల పోయినవాళ్ళు 48,830 మంది. అందులో సగానికి పైగా తమని తామే కాల్చుకున్నవాళ్ళు. మీ టీవీలో ఆ సంగతి రాదు. మాల్‌లో, బడిలో జరిగినవే వస్తాయి. అవీ తక్కువేం కాదు. 2023 మేలో మా డాలస్ దగ్గరే అలెన్ అనే ఊరి మాల్‌లో ఎనిమిది మంది పోయారు, ఒకరు మన హైదరాబాద్ అమ్మాయి. అమ్మకి చీరల పెట్టె కొన్నది ఆ మాల్‌లోనే.

స్విట్జర్లాండ్‌లో కూడా సైన్యంలో చేసినవాళ్ళు రైఫిల్ ఇంటికి తెచ్చుకుంటారు, తూటాలు మాత్రం సైన్యం దగ్గరే. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని చంపితే, ప్రభుత్వం ఆరున్నర లక్షల దాకా తుపాకీలు డబ్బులిచ్చి వెనక్కి తీసుకుంది. ఇక్కడ టెక్సాస్‌లోనే యువాల్డే ఊరి బడిలో 19 మంది పిల్లలు పోయినా అంత పని జరగలేదు.

మనవాళ్ళకి కోపం తక్కువనా? పొలం గట్టు దగ్గర కొట్లాటలు నువ్వు చూడనివా? మన తాత తన భర్మార్ తుపాకీని 1951లో తెలంగాణ సాయుధ పోరాటం ఆగిపోయాక బావిలో వేశాడని నానమ్మ చెప్పేది కదా. ఎందుకు వేశావంటే, "ఇంట్ల ఉంటె ఏదో ఒకనాడు అన్నదమ్ముల పంచాయితీల లేస్తది" అన్నాడట. మేము కొనకపోవడానికి కారణం అదే.

ఇంకో మాట. దీపావళి పార్సిల్లో చిన్నదానికి రీళ్ళ తుపాకీ పెడతానన్నావు. వద్దు. 2014లో క్లీవ్‌లాండ్‌లో బొమ్మ తుపాకీతో ఉన్న 12 ఏళ్ళ పిల్లాణ్ణి పోలీసులే కాల్చేశారు. ఆ చోటులో అమ్మని ఇంకో డబ్బా సకినాలు పెట్టమను. నువ్వులు ఎక్కువ వేసి.

నీ
పెద్దది