వాన బొమ్మలో సగం ఎటు పోయింది?

సంపాదకులకు నమస్కారం.

ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కాయ్‌బోత్ మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి పదిరోజులు దాటింది. మరుసటి వారమైనా సవరణ వేస్తారని చూస్తే ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం.

'పారిస్ వీధి, వాన రోజు' చిత్రాన్ని రెండు కాలమ్‌లలో నిలువుగా ఇరికించారు. ఎడమవైపు సగం పోయింది. గొడుగు కింద నడిచొస్తున్న జంట మాత్రం మిగిలింది. ఆ బొమ్మకు నడిమధ్యలో ఆకుపచ్చ దీపస్తంభం ఒకటి ఉంటుంది. దానికి కుడిపక్క నిలువెత్తు మనుషులు, ఎడమపక్క చీలికలా మొన తేలిన మేడ, దాని రెండు వైపులా దూరంగా సాగిపోయే వీధులు, వేలెడంత మనుషులు. దగ్గరా దూరమూ తెలిసేది ఆ తేడా వల్లే. ఎడమపక్క తీసేస్తే వీధే లేదు, స్టూడియోలో తెర ముందు నిలబెట్టి తీసిన దంపతుల ఫొటో అయింది.

ఎడమవైపు కింద తడిసిన రాళ్ల పరుపు తప్ప ఏమీ లేదు కదా అని కోసినట్టున్నారు. అసలు వాన ఉన్నది అక్కడే! ఆ చిత్రంలో ఒక్క చినుకు గీత కూడా గీయలేదాయన. రాయికీ రాయికీ మధ్య సందులోని నలుపు, రాయి వీపు మీద ఆకాశం వెలుగు, అంతే. చూసేవాడికి కాళ్లు తడిసినట్టు ఉంటుంది. ఇక కుడి అంచున వీపు చూపిస్తూ వెళ్తున్న మనిషిని చిత్రకారుడే సగానికి ఆపాడు. ఇరుకు కాలిబాట మీద ఆయన గొడుగూ జంట గొడుగూ తగులుకోబోతాయి. అది పొరపాటున పడ్డ మనిషి అనుకుని మీవాళ్లు ఆయన్నీ ఎగరగొట్టారు. స్కేలు పెట్టి కొలుచుకుని, విడిగా పెన్సిలు చిత్తులు గీసుకుని కట్టిన బొమ్మ అది. ఎక్కడ కోసినా కూలిపోతుంది.

చోటు లేదనడానికీ వీల్లేదు. అసలు కాన్వాసు 276.2 సెంటీమీటర్ల వెడల్పు, 212.2 ఎత్తు. 16 సెంటీమీటర్ల వెడల్పు ఇస్తే 12.3 ఎత్తు సరిపోయేది. అదే పేజీలో పంచె ప్రకటనకు అంతకు రెట్టింపు ఇచ్చారు.

రంగుల సంగతి మరీ అన్యాయం. ఆకాశం పసుపుపచ్చగా అచ్చయింది. 2013-14లో, ఈ బొమ్మ ఉన్న షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం వాళ్లు పాత వార్నిష్ తీసేశాక ఆ ఆకాశం నీలిబూడిద రంగులో తేటగా బయటపడింది. మీరు వాడింది అంతకుముందు ఫొటో. పైగా బూడిదరంగును మూడు రంగుల సిరాలతో కడితే న్యూస్‌ప్రింట్ పీల్చేసుకుంటుంది, ఎరుపు కాస్త ఎక్కువైతే చాలు రాళ్లు గులాబీకి తిరుగుతాయి. నల్ల సిరా పాలు పెంచి మిగతావి తగ్గించాలని ఏ ప్రెస్సువాడిని అడిగినా చెబుతాడు. మంచి ఫొటోను ఆ మ్యూజియమే తన వెబ్‌సైటులో ఉచితంగా ఇస్తోంది. ఆ అచ్చు సైజుకు 1,260 పిక్సెళ్ల వెడల్పు చాలు.

వ్యాసంలో 'నేల చెక్కేవాళ్లు' చిత్రాన్ని ఆయన వీలునామాలో ప్రభుత్వానికి రాసిచ్చాడన్నారు. తప్పు. 1875లో సలాన్ (పారిస్‌లో సర్కారీ చిత్రప్రదర్శన) న్యాయనిర్ణేతలు తిరగ్గొట్టిన బొమ్మ అది. ఆయన రాసిచ్చింది తన మిత్రుల చిత్రాలు: మోనే, రెన్వా, దెగా, పిసారో, సిస్లే, సెజాన్, మానే. ఆ జాబితాలో తన బొమ్మ ఒక్కటీ పెట్టుకోలేదు. నేల చెక్కేవాళ్ల బొమ్మను 1894లో ఆయన పోయాక వారసులు ఇచ్చారు. ఆయన వీలునామాలో రాసిచ్చిన అరవై పైచిలుకు చిత్రాల్లో ప్రభుత్వం దాదాపు నలభై మాత్రమే తీసుకుంది, అదీ రెండేళ్లకు పైగా నానబెట్టి. అధికారులు ఎక్కడైనా అధికారులే. ఇంత కథ ఉంటే 'ధనిక ఔత్సాహికుడు' అని ఒక్క మాటతో తేల్చేశారు. ఈ మిత్రుల్లో చాలామంది ఉన్న ఇంప్రెషనిస్టు బృందం మూడో ప్రదర్శనకు అద్దె గదులు చూసిపెట్టి, ఖర్చు భరించి నడిపించిన మనిషి ఆయన. పేరు కూడా ఇంగ్లీషు అక్షరాలు చూసి 'కైల్లెబొట్టె' అని రాశారు.

బడుల్లో డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టర్లు లాగేసుకుంటున్నారు. డ్రాయింగు మాస్టరు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటోంది. ప్రదర్శనశాలల్లో చిత్రం కింద చీటీ చినిగితే మళ్లీ అతికించే దిక్కు లేదు. పిల్లలు ఒక గొప్ప బొమ్మను చూడగలిగేది ఇక ఆదివారం పేపర్లోనే. అక్కడా సగం బొమ్మేనా? పూర్వం పత్రికల్లో చిత్రం వేస్తే కింద కొలతలు, మాధ్యమం, ఉన్న ఊరు వేసేవారు. ఇప్పుడు 'ఇంటర్నెట్ సౌజన్యం' అని వేస్తున్నారు.

వచ్చే ఆదివారం బొమ్మ మొత్తం వేయండి. కింద ఈ వరుస పెట్టండి: గుస్తావ్ కాయ్‌బోత్ (1848–1894), 'పారిస్ వీధి, వాన రోజు', 1877, కాన్వాసుపై తైలవర్ణాలు, 212.2 × 276.2 సెం.మీ., ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం