ఏడో కుండ

విశాఖపట్నం,
కార్తీకం చివరి సోమవారం.

ప్రియమైన రాఘవా,

నీ రెండు ఉత్తరాలకూ ఐదు నెలలుగా జవాబు వ్రాయనందుకు ముందుగా నన్ను క్షమించు. కాలిఫోర్నియాలో కెల్ప్ అనే సముద్రపు నాచును లెక్కపెట్టే పనిమీద ఉన్నన్నాళ్ళూ రోజుకు రెండు డైవులు, సాయంత్రం లెక్కలు కంప్యూటరులోకి ఎక్కించడం, మర్నాటికి సిలిండర్లు నింపుకోవడం, వీటితోనే పొద్దు గడిచిపోయేది. ఇంటికి వచ్చి పది రోజులైనా చుట్టాల రాకపోకలతో తీరిక చిక్కలేదు. అమ్మ కులాసాగా ఉన్నది. నాన్నగారి కంటి ఆపరేషను బాగా జరిగింది. చెల్లి సంబంధం సంగతి ఇంకా తేలలేదు, తేలగానే వ్రాస్తాను. ఇవన్నీ పక్కన పెట్టి, నీకు తప్ప మరొకరికి చెప్పినా అర్థం కాని విషయం ఒకటి ఈ పూట చెప్పి తీరాలి.

మన ఏడో కుండ గుర్తున్నదిరా? మొన్న జూలైలో, సముద్రం అడుగున తొమ్మిది మీటర్ల లోతులో, అది మళ్ళీ నాకు ఎదురయింది.

కాస్త వెనకనుంచి చెప్పాలి. కెల్ప్ అంటే మన బీచి రాళ్ళమీద కాలు జార్చే పాచి వంటిది కాదు. వేళ్ళలాంటి పట్టుతో రాతిని కరచుకొని, తాడులాంటి ఒకే ఒక్క కాడతో పైకి సాగి, కొసన గాలి నిండిన కాయతో తేలే గోధుమరంగు నాచు అది. ఉత్తర కాలిఫోర్నియాలో పెరిగే బుల్ కెల్ప్ ఆయుస్సు ఒక్క ఏడాదే. అనుకూలిస్తే రోజుకు జానెడు చొప్పున పెరిగి, 30 మీటర్లు కూడా దాటి, చలికాలపు అలలకు తెగిపోతుంది. అడుగునుంచి ఉబికివచ్చే చల్లని నీరే దానికి ఎరువు. 1950లలో యూజీన్ లాఫాండ్ మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విశాఖ తీరంలో కూడా అడుగునీరు పైకి రావడాన్ని పరిశీలించిన సంగతి క్లాసులో విన్నాము కదా; అక్కడ అదే వ్యవహారం ఎన్నో రెట్లు పెద్దది. 2014 నుంచి 2016 వరకు సముద్రం వేడెక్కి ఆ చల్లదనం కరువయింది. అంతకు ముందే, 2013లో, స్టార్‌ఫిష్‌లకు ఒక రోగం తగిలింది. ఇరవైనాలుగు చేతులదాకా ఉండి మీటరు వెడల్పున పరచుకునే సన్‌ఫ్లవర్ స్టార్ అక్కడ దాదాపు కనుమరుగయింది. తమను తినేది పోయేసరికి ముళ్ళబంతుల్లాంటి ఊదారంగు సీ అర్చిన్‌లు రాళ్ళంతటా పరచుకొని కెల్ప్ అడవిని కొరికివేశాయి. ఆ తీరంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా కెల్ప్ పోయింది. తిండి లేకపోయినా ఆ అర్చిన్‌లు చావవు. పగలగొట్టి చూస్తే లోపల అంతా డొల్లే, అయినా ఏళ్ళ తరబడి ప్రాణంతో కాచుకొని కూర్చుంటాయి.

అందుకని మా పని రెండు విధాలు. కొన్ని గడులలో అర్చిన్‌లను సుత్తితో కొట్టి, చదరపు మీటరుకు రెండుకు మించకుండా తగ్గించడం. వాటి పక్కనే కొన్ని గడులను అసలు ముట్టుకోకుండా ఉంచి, రెండింటినీ లెక్కపెట్టడం. ముట్టుకోనివి కంట్రోలు గడులు.

ఆ రోజు నాకు కంట్రోలు గడి పడింది. 30 మీటర్ల టేపు పరచి, దాని వెంట రెండు మీటర్ల వెడల్పులో కనబడిన ప్రతిదానికీ ప్లాస్టిక్ పలకమీద గీత గీసుకుంటూ పోవాలి. నీరు పది డిగ్రీలు. రుషికొండలో చొక్కాతోనే దిగే అలవాటున్న నాకు, నోట్లో గాలి అందించే రెగ్యులేటరు ఉన్నదో లేదో తెలియనంతగా పెదవులు మొద్దుబారాయి. టేపు మీద పద్దెనిమిదో మీటరు దగ్గర, రాతి పగులులో, ఒంటరిగా ఒక పిల్ల కెల్ప్ కనబడింది. మూరెడు కాడ. కొసన కాయ ఉసిరికాయంత కూడా లేదు. దాని నుంచి వచ్చిన నాలుగు ఆకులు అల తాకినప్పుడల్లా దువ్వినట్లు ఒకవైపు వాలి, మళ్ళీ నిలబడుతున్నాయి. మొదలు చుట్టూ అర్చిన్‌లు పదకొండు. వాటిలో ఒకటి అప్పటికే పట్టుమీదకు ఎక్కి, ముళ్ళ సందులనుంచి దారాల వంటి కాళ్ళు చాచి కాడను తడుముతున్నది.

దాన్ని వేలితో పక్కకు నెట్టడానికి అరక్షణం చాలు. నా జతగాడు అవతల టేపు చుడుతున్నాడు, ఎవరూ చూడరు. నా చెయ్యి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగింది.

అప్పుడు నీవు గుర్తుకు వచ్చావు. మినుము మొక్కల ప్రయోగంలో ఆరు కుండలకు వేళ్ళలో నత్రజని పట్టి ఇచ్చే రైజోబియం బాక్టీరియా ఇచ్చి ఏడోదాన్ని ఉత్తగా వదిలితే, పసుపెక్కిన దాని ఆకులు చూసి జాలిపడి, ల్యాబులో ఎవరూ లేని పూట దానికీ ఆ కల్చరు కలిపిన నీరు పోసిన రాఘవవు. మూడు నెలల శ్రమ పోయిందని నేను సంక్రాంతి దాకా నీతో మాట్లాడలేదు.

ఈ ఏడాది నీరు చల్లగానే ఉన్నది కనుక అర్చిన్‌లను తీయకపోయినా కెల్ప్ వచ్చేదేనని రేపు ఎవరైనా అంటే, జవాబు చెప్పగలిగింది ఆ ముట్టుకోని గడి ఒక్కటే. ఆ ఒక్క మొక్క నా వేలి పుణ్యమా అని బతికితే మొత్తం లెక్క అబద్ధమవుతుంది. పలకమీద 'కెల్ప్ 1' అని వ్రాసుకున్నాను. సిలిండరులో గాలి చూపే గేజి 50 బార్‌కు దిగింది, పైకి వచ్చేశాను.

పది రోజుల తరువాత అదే టేపు, అదే పద్దెనిమిదో మీటరు. రాతిమీద రూపాయి బిళ్ళంత పట్టు, దాని మధ్య కొరికి వదిలిన మొద్దు మాత్రమే మిగిలాయి. సున్నా చుట్టాను. ఆ సున్నానే దిద్దుతూ ఉండిపోయానని జతగాడు భుజం తట్టేదాకా నాకు తెలియలేదు.

సుత్తి పడిన గడి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. సెప్టెంబరు నాటికి అక్కడి కాయలు నీటిమీద తేలుతూ పడవలోనుంచే కనబడ్డాయి. ప్రొపెల్లరుకు చుట్టుకుంటాయని ఇంజను ఆపి తెడ్లు వేయవలసి వచ్చింది! కాడల నడుమ చిన్న చేపలు గుంపులుగా ఆడుతుంటే, రాఘవా, నీవు పక్కన లేవే అనుకున్నాను.

నిన్న సాయంత్రం పెదజాలరిపేటలో వల అల్లుకుంటున్న సూరన్న మామకు ఇదంతా చెప్పాను. అంతా విని, "కళ్ళెదుట తినేస్తుంటే ఊరుకున్నావా బాబూ?" అన్నాడు. నా దగ్గర సమాధానం ఉన్నది. కాని అతని ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

ఆనాడు నీతో "నీకు సైన్సు పనికిరాదు" అన్నాను. ఆ మాట తప్పు, ఇన్నేళ్ళకు క్షమాపణ అడుగుతున్నాను. నీరు పోయడం తప్పేనని ఇప్పటికీ అంటాను, కాని పోయాలనిపించడం ఉన్నదే, అది లేనివాడు అసలు అంత చలిలో ఎందుకు దిగు

వేణు బూట్లు తొడుక్కుంటున్నాడు, పాలకొండ బస్సు ఆరున్నరకు, ఈ కవరు వాడి చేతికే ఇస్తున్నాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ప్రయోగాల నోటుపుస్తకం నీ దగ్గరే ఉంటే తప్పక తీసుకొని రా, అందులో ఏడో కుండ పేజీ

నీ,
భాస్కర్