మన సంఘం వార్షిక నివేదిక 2024–25: మార్చి గాలివాన, మన పడవలు

రేవు పెద్దలకు, సభ్యులకు, వల పనిలోనూ చేపల అమ్మకంలోనూ మనతో సమానంగా కష్టపడే అక్కచెల్లెళ్లకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా తుంగభద్ర ఒడ్డున మన మత్స్యకారుల సంఘం చేసిన పనులను కార్యదర్శిగా మీ ముందు పెడుతున్నాను. ప్రతి ఏడూ ఈ నివేదికలో సమావేశాలు, చేప పిల్లల విడుదల, వలల కొనుగోలు, లెక్కలు వరుసగా ఉంటాయి. ఈసారి వాటిని చివర్లో నాలుగు మాటల్లో ముగిస్తాను. మార్చిలో వచ్చిన అరగంట గాలివాన గురించే ఎక్కువ రాస్తున్నాను. ఆ సాయంత్రం ఏం జరిగిందో, మనం ఎక్కడ పొరపాటు చేశామో కాగితం మీద ఉండాలి. లేకపోతే వచ్చే ఏడాదికి మరిచిపోతాం.

ముందు ఆగస్టు సంగతి. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో నది ఒడ్డు ఊళ్లను జాగ్రత్తగా ఉండమన్నారు. 2009 అక్టోబరులో కర్నూలు మునగడం కళ్లారా చూసిన వాళ్లం మనం. ఎవరూ పిలవకుండానే ఆ ఉదయం అందరూ రేవుకు వచ్చారు. పుట్టీలను (వెదురుతో అల్లిన గుండ్రటి పడవలను) భుజాల మీద మోసి పై గట్టుకు చేర్చాం, ఫైబర్ పడవను వేపచెట్లకు రెండు వైపులా మోకులతో కట్టాం, ఇంజిను విప్పి ఇంట్లో పెట్టాం. డ్యామ్ దగ్గర గేటు పోయిన చోట స్టాప్ లాగ్ (తాత్కాలిక అడ్డు పలక) దించి నీటిని ఆపేదాకా వంతులవారీగా రాత్రిళ్లు కాపలా కాశాం. మనకు ఒక్క తెడ్డు కూడా పోలేదు. ఆ వారం పని చేసిన ప్రతి ఒక్కరికీ సంఘం తరఫున చేతులెత్తి మొక్కుతున్నాను.

ఇంత చేసిన వాళ్లం మార్చిలో పడవలను విప్పి వదిలేశాం.

మన తుంగభద్ర మీద సుంకేసుల బ్యారేజీలో పట్టేదే 1.2 టీఎంసీలు. వేసవి మొదలయ్యేసరికి నది పాయలుగా, మడుగులుగా విడిపోతుంది. మనకు అది పుట్టీలు బాగుచేసుకునే కాలం. ఇసుక మీద బోర్లించి, విరిగిన వెదురు బద్దలు మార్చి, పైన పట్ట సరిచేసి, తారు పూసి ఎండబెడతాం. ఈ ఏడాది కూడా హోలీ పౌర్ణమి దాటాక పద్నాలుగు పుట్టీలను అలాగే వరుసగా పెట్టాం. మోకులు ఉతికి చుట్టలు చుట్టి గదిలో వేశాం. ఫైబర్ పడవ మాత్రం మడుగు ఒడ్డున, ఒక్క తాడుతో, ఒక్క గూటానికి ఉంది. ఇంజిను దానికే బిగించి ఉంది. "ఇప్పుడేం గాలొస్తాదిలే" అన్న మాట ఆ రోజుల్లో నేను కూడా అన్నాను.

గాలివాన వచ్చిన రోజు మధ్యాహ్నం ఊపిరాడని ఉక్క. నాలుగింటికి పడమటి మూల నల్లబడింది. మబ్బు కింద అంచు చదునుగా, పైభాగం కాలీఫ్లవర్ పువ్వులా ఉబ్బుతూ పైకి లేచింది. కాసేపటికి ఎండలో నిలబడ్డ మనకు ఒక్కసారిగా చల్లటి గాలి తగిలింది. పిల్లలు సంబరపడ్డారు. అసలు భయపడాల్సింది ఆ చల్లదనానికే అని ఇప్పుడు తెలిసింది. వేడెక్కిన నేల మీద నుంచి తేమగాలి నిట్టనిలువుగా లేచి నాలుగైదు కిలోమీటర్లు దాటితే అక్కడ గడ్డకట్టే చలి ఉంటుంది, మన నేల మీద నలభై డిగ్రీల ఎండ కాస్తున్నా సరే. నీటి చుక్కలు అక్కడ మంచు గడ్డలై, కింద నుంచి వచ్చే గాలి మోసినంతసేపు పెరిగి, మోయలేనప్పుడు వడగండ్లుగా రాలుతాయి. వాటితో పాటే పైనున్న చల్లగాలి బరువుగా కిందికి పడి, నేలను తాకి నాలుగు వైపులకూ విసురుతుంది. మనకు తగిలిన చల్లగాలి దాని ముందు కొస. అప్పటికి మన చేతిలో మహా అయితే పది నిమిషాలు ఉన్నాయి. మనం ఆ పది నిమిషాలూ ఆకాశం చూస్తూ నిలబడ్డాం.

బోర్లించిన పుట్టీ అంచు కిందికి గాలి దూరితే ఏమవుతుందో ఆ రోజు చూశాం. ముందు ఒక పక్క లేచింది, తర్వాత నిలువుగా నిలబడింది, ఆ తర్వాత బండి చక్రంలా దొర్లుకుంటూ బండల మీదికి పోయింది. దాని వెనక ఇంకొకటి. పట్టుకోబోయిన కుర్రాడి మోచెయ్యి బెణికింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాకపోవడం మన అదృష్టం. గోలీకాయలంత వడగండ్లు పావుగంట కురిశాయి. ఫైబర్ పడవ గూటం ఊడి, మడుగులో అడ్డం తిరిగి, నీళ్లు నిండి ఇంజినుతో సహా బోల్తా పడింది. ఆ మార్చిలోనే కడప జిల్లా లింగాల వైపు, అనంతపురం జిల్లా యల్లనూరు, పుట్లూరు వైపు అరటి తోటలు గాలికి నేలకొరిగాయి. చేతికొచ్చిన గెలలు పోగొట్టుకున్న ఆ రైతుల ముందు మన నష్టం చిన్నదే. కానీ పుట్టీ విరిగిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగడం కష్టమే కదా.

ఐదు పుట్టీలు దెబ్బతిన్నాయి. రెండింటి వెదురు చట్రం పూర్తిగా విరిగిపోయింది, వాటిని కొత్తగా అల్లించాం. మిగతా మూడింటిని మనవాళ్లే బాగుచేశారు. ఈ పనిలో ఇద్దరు పెద్దాయనలు రోజూ వచ్చి కూర్చుని కుర్రాళ్లకు బద్ద చీల్చడం, అంచు కట్టడం నేర్పారు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. వారికి సంఘం రుణపడి ఉంటుంది.

ఫైబర్ పడవ పైకి బాగానే కనిపించింది. నీళ్లలోకి దించుదామని తొందరపడ్డాం. పాత పడవలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన వచ్చి, తడి గుడ్డతో తుడిచి, వెంట్రుకంత పగుళ్లు చూపించాడు. వడగండ్లు తగిలిన చోట్ల చక్రాల్లా ఉన్నాయి. నాణెంతో పడవంతా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, లోపల పొర విడిన చోట మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోట్ల సుద్దతో గుండ్రాలు గీసి, గీకి, బాగా ఆరాక మ్యాట్ (ఫైబర్ గుడ్డ) వేసి రెసిన్ (జిగురు) పూశాం. ఒక మాట గుర్తుంచుకోండి: మన ఎండల్లో రెసిన్‌లో హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే మందు) కలిపితే డబ్బాలోనే బిగుసుకుపోతుంది. తెల్లారుజామున, కొంచెం కొంచెంగా కలుపుకుని పని చేయాలి. మొదటి రోజు మధ్యాహ్నం కలిపి ఒక డబ్బా మొత్తం పాడు చేసుకున్నాం.

అసలు బాధ ఇంజిను విషయంలో. మునిగిన ఇంజినును పైకి తీసిన వెంటనే మంచినీళ్లతో కడిగి, స్పార్క్ ప్లగ్ విప్పి, తాడు లాగి లోపలి నీళ్లు కక్కించి, ఆయిల్ పోసి, గంటా రెండు గంటల్లోనే నడిపించాలి. నీళ్లలో ఉన్నప్పటి కంటే బయటికి తీసి గాలి తగిలాకే తుప్పు తొందరగా పడుతుంది. మనం దాన్ని తీసి, గోనె సంచి కప్పి, ఇసుక మీద పడుకోబెట్టి, మరుసటి మధ్యాహ్నం మెకానిక్‌ను పిలిచాం. అప్పటికే లోపల తుప్పు చార పడింది. ఆ ఒక్క రాత్రి ఆలస్యం ఖరీదు రెండు పుట్టీల ఖరీదు కంటే ఎక్కువ. ఆ తప్పు నాదే. తాళం నా దగ్గరే ఉంది, నిర్ణయమూ నాదే.

గాలివాన తర్వాత ఏప్రిల్‌లో జరిగిన సమావేశంలో విన్న ఒక ఫోన్ కాల్ గురించి మీలో చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మన సభ్యుడి కొడుకు అమెరికాలో మిన్నెసోటాలో ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి చెప్పిన సంగతి విని, "మామా, ఇక్కడా ఇట్లాంటిదే జరుగుతాది, కాకపోతే మంచుతో" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అందరం విన్నాం. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకడతాయి. శరదృతువు చివర్లో పడవలు ఒడ్డెక్కించి, ఇంజిన్లలో నీళ్లన్నీ తీసేసి కప్పి పెడతారు. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాసేసరికి చలి పోయిందనుకుని కప్పు తీసి, చెరువు నీటితో ఇంజిను నడిపి చూసుకుంటారు. వాళ్ల పక్కింటాయన అలాగే చేశాడు. ఒక్క రాత్రి మళ్లీ గడ్డకట్టే చలి వచ్చింది. నీరు మంచుగా మారితే దాదాపు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ఇంజిను ఇనుప దిమ్మె, అంటే బ్లాకే పగిలిపోయింది. పగులు ఆ రోజు కనిపించలేదట. తర్వాత ఇంజిను ఆయిల్ పాలు కలిపిన టీలా మారినప్పుడు బయటపడింది.

అక్కడి వాళ్లు ఏం చేస్తారని మన కుర్రాళ్లు అడిగారు. వసంతంలో పడవ బయటికి తీశాక కూడా రోజూ రాత్రి చలి ఎంతో చూసుకుంటారు. గడ్డకట్టే సూచన ఉంటే అడుగున ఉండే ప్లగ్గులు విప్పి బ్లాకులో నీళ్లు వదిలేస్తారు. పంపులో, గొట్టాల్లో మిగిలిన నీటికి గడ్డకట్టని గులాబీ రంగు ద్రవం పోస్తారు. మన పడవకున్నట్టు వెనక తగిలించే ఇంజిను అయితే నిటారుగా దించి ఉంచుతారు. అలా ఉంచితే నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. పైకి ఎత్తి పెడితే లోపల నిలిచిపోతాయి. మనకు ఆ చలి ఎప్పటికీ రాదు. కానీ ఇంజినును ఇసుక మీద పడుకోబెట్టకుండా నిటారుగా నిలబెట్టాలన్నది మనకూ పనికొచ్చే మాటే. అందుకే గదిలో ఇంజిను కోసం కర్ర స్టాండు చేయించాం. మోకులను కాలం చూసి దాచడం కూడా ఆ రోజుతోనే మానేశాం.

ఆ సమావేశంలో అందరూ ఒప్పుకున్న ఏర్పాట్లు ఇవి. బోర్లించిన ప్రతి పుట్టీ మీదుగా అడ్డంగా తాడు వేసి రెండు వైపులా కట్టాలి, అంచు చుట్టూ ఇసుక సంచులు పెట్టి గాలి దూరే సందు మూయాలి. గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలు అవుతుంది కాబట్టి మామూలు గాలికి ఆగిన గూటాన్ని నమ్మకూడదు. ఫైబర్ పడవకు ఏడాది పొడవునా రెండు మోకులు ఉండాలి, ఒకటి చెట్టుకు, ఒకటి బండకు. నీళ్లు పెరిగినా తగ్గినా ఇబ్బంది లేకుండా తాడుకు కొంచెం వదులు ఇవ్వాలి, రాయికి ఒరిసే చోట పాత ట్యూబు చుట్టాలి. కుర్రాళ్ల ఫోన్లలో దామిని యాప్ పెట్టించాం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన ఆ యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల సూచన ఇస్తుంది. 40 కిలోమీటర్ల హెచ్చరిక రాగానే మడుగులో ఉన్నవాళ్లు ఒడ్డుకు రావాలి. వల నీళ్లలో ఉన్నా సరే, వదిలేసి రావాలి. ఉరుము వినిపిస్తుంటే పడవ కట్టడానికి కూడా ఎవరూ పరుగెత్తొద్దు. పడవను మళ్లీ చేసుకోగలం.

ఇక మిగతా సంగతులు. నాలుగు సమావేశాలు జరిగాయి, చేప పిల్లల విడుదల మామూలుగానే జరిగింది, బొచ్చె చేప బాగా పెరిగింది. కేంద్ర ప్రభుత్వ మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది: ప్రమాదంలో మరణిస్తే 5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేలు. అది మనుషులకే, పడవలకు రాదు. పేరు నమోదు చేసుకోని వాళ్లు వెంటనే కాగితాలు ఇవ్వండి. పడవల బీమా కోసం ఒక చోట అడిగితే నష్టానికి ముందు తీసిన ఫొటోలు కావాలన్నారు, మన దగ్గర లేవు. ఇప్పుడు ప్రతి పుట్టీకీ నంబరు వేసి ఫొటో తీసి పెట్టాం. మరమ్మతుల ఖర్చు ఉమ్మడి నిధి నుంచి తీశాం. రసీదులతో సహా లెక్కలు గది గోడకు అంటించాం, ఎవరైనా చూడవచ్చు, నన్ను అడగవచ్చు.

ఇంజిను ఇంకా మెకానిక్ దగ్గరే ఉంది. అది వచ్చేదాకా తెడ్లతోనే నడపాలి, అవతలి మడుగులో వేట వంతు వచ్చినప్పుడు దూరం ఇళ్ల వాళ్లకు కష్టంగా ఉందని తెలుసు, ఓర్చుకోవాలని కోరుతున్నాను. కొత్త మోకులు వచ్చాయి. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి రేవు దగ్గర ఒక్కొక్క పుట్టీ దగ్గర ఆగి ముడి చూద్దాం. సొంత పుట్టీ లేని కుర్రాళ్లు కూడా రావాలి.

ఇట్లు,
కార్యదర్శి