తలుపుకు లోపలి గడియ పెట్టించిన మీ అందరికీ

ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న కార్యాలయ భవనం అది. ఇప్పుడు అందులో మనుషులు కాపురం ఉంటున్నారు. మొన్నటిదాకా కాలిబాటల మీద పడుకున్నవారు తమ గదికి తామే గడియ పెట్టుకుని నిద్రపోతున్నారు. దీని వెనక ఉన్నవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉంది. పేర్లు బయట పెట్టవద్దని చాలామంది కోరారు కాబట్టి, చేసిన పనినే చెబుతాను. ఎవరి గురించి చెప్పానో వారికి తెలుస్తుంది.

ముందుగా భవన యజమాని కుటుంబానికి. మీరు దీర్ఘకాలపు లీజుకు ఒప్పుకోకపోతే ఈ పని మొదలయ్యేదే కాదు. ఏడాదికోసారి పొడిగించుకునే ఒప్పందాన్ని నమ్ముకుని గోడలకూ గొట్టాలకూ డబ్బు పెట్టే దాతలు ఎక్కడా ఉండరు.

శ్లాబులన్నీ సుత్తితో తట్టి చూసిన ఇంజనీరు గారికి నమస్కారాలు. పైకి గట్టిగానే కనిపించిన చోట డొల్ల శబ్దం వినిపించింది. పెచ్చులు తీయించి చూస్తే ఊచలు తుప్పు పట్టి ఉబ్బి ఉన్నాయి. ఆ శ్లాబులను బలపరిచేదాకా పై అంతస్తులో ఎవరినీ ఉండనిచ్చేది లేదని మీరు భీష్మించారు. ఆలస్యమవుతోందని కొందరు నొచ్చుకున్నా మీరు మెత్తబడలేదు. నిలువ నీడ లేనివారికి ఏదో ఒక కప్పు చాలులే అనుకునే ధోరణి మీలో ఏ కోశానా లేదు.

ప్లంబింగ్ మేస్త్రీ గారి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కార్యాలయ భవనాల్లో మరుగుదొడ్లన్నీ ఒకే మూల ఉంటాయి. ప్రతి గదికీ స్నానాలగది ఇవ్వాలంటే మురుగు గొట్టాన్ని అక్కడిదాకా లాగాలి, దానికి తగిన వాలు ఉండాలి. దూరం పెరిగేకొద్దీ ఆ వాలుకు చోటు దొరకదు. పాత మూలనే పట్టుకుని వేలాడకుండా, మరో రెండుచోట్ల నిలువు గొట్టాలు దింపి, వాటి చుట్టూ గదులను జంటలుగా అమర్చుదామన్నారు మీరు. భవనం పటం మొత్తం ఆ మాటతోనే మారింది. గాలీ వెలుతురూ అందని నడిమి భాగం బట్టలుతికే గదికి, సామాను భద్రపరిచే గదులకు సరిపోయింది. గదులన్నిటికీ కిటికీలు దక్కాయి.

హాలులో వరసగా మంచాలు వేస్తే మూడింతల మందికి చోటు దొరుకుతుంది కదా అన్న వాదన మా బృందంలో గట్టిగానే సాగింది. అది దయతో అన్న మాటే. అప్పుడు మా ఆర్కిటెక్ట్ గారు ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ సంగతి ముందుంచారు. 1985లో ఆ నగరంలోని రాత్రి వసతి గృహాల్లో 2,121 పడకలుండేవి. 2016 నాటికి 52 మాత్రమే మిగిలాయి. ఆశ్రయం తగ్గించి కాదు, పాత వసతి గృహాలను సొంత తలుపున్న ఇళ్లుగా మార్చి, బయట మరిన్ని ఇళ్లు సమకూర్చి. న్యూయార్క్‌లో పాతబడిన టైమ్స్ స్క్వేర్ హోటల్‌ను 1990లలో బాగుచేసి 652 నివాసాలుగా తీర్చారు. సహాయ సిబ్బంది కూడా ఆ భవనంలోనే ఉంటారు. ఈ రెండు ఉదాహరణలు విన్నాక మంచాల మాట మళ్లీ రాలేదు.

వీధిలో బతికిన అనుభవంతో సలహాలిచ్చిన మిత్రులారా, మీకు నేనెంతో రుణపడి ఉన్నాను. ప్రవేశద్వారం దగ్గర కటకటాల కౌంటరు వద్దన్నారు. జంటలను విడదీయవద్దన్నారు. పెంచుకున్న కుక్కను బయట వదిలి రమ్మంటే చాలామంది అసలు లోపలికే రారని చెప్పారు. ఏ నిపుణుడికీ తట్టని విషయాలివి.

మా న్యాయవాది గారు ప్రవేశ పత్రాన్ని పక్కన పెట్టి, అద్దె ఒప్పందం రాశారు. దానితో ఇక్కడివారు దయ మీద ఉండేవారు కాక హక్కున్న నివాసులయ్యారు. చిరునామా ఉంటేనే గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, ఉద్యోగ దరఖాస్తు ముందుకు కదులుతాయి. కింది అంతస్తులో కూర్చునే నర్సు గారికి, మానసిక వైద్యులకు, పని వెతికి పెట్టే వారికి వేనవేల ధన్యవాదాలు. తాగుడు మానితేనే గది, చికిత్సకు ఒప్పుకుంటేనే గది అన్న షరతు మీరెవరూ పెట్టలేదు. ముందు ఇల్లు, తర్వాతే మిగతావి అన్న ఈ పద్ధతి 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టినది. తలదాచుకునే చోటు స్థిరపడ్డాక మనిషి తనంతట తానే వైద్యుడి గది తలుపు తట్టడం మేమిక్కడ కళ్లారా చూస్తున్నాం.

అభ్యంతరం తెలిపిన ఇరుగుపొరుగువారికీ కృతజ్ఞతలు, మనస్ఫూర్తిగా. రాత్రి గొడవైతే ఎవరు పలుకుతారని సమావేశంలో మీరు నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఏ వేళనైనా మనిషి ఎత్తే ఫోను పెట్టించాం. ఆనాడు నిలదీసిన వారిలో ఒకరు ఇప్పుడు సాయంత్రాలు వచ్చి చదువు చెబుతున్నారు.

పాత బట్టలు చాలినన్ని అందాయి, దయచేసి ఇక పంపవద్దు. కార్యాలయాల చుట్టూ తోడు వెళ్లి దరఖాస్తులు నింపిపెట్టే వారు మాత్రం ఇంకా కావాలి. లిఫ్టు పని సాగుతోంది, చక్రాల కుర్చీలో ఉన్నవారికి అప్పటిదాకా కింది అంతస్తు గదులే ఇస్తున్నాం. ఆ మెకానిక్కులకు చెప్పాల్సిన ధన్యవాదాలు లిఫ్టు నడిచిన రోజున విడిగా రాస్తాను.