అంగన్‌వాడీకి చోటు చూసే ముందు అక్కడి మట్టినీ నీటినీ పరీక్షించండి

గౌరవనీయులైన విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

మా గరివిడి, చీపురుపల్లి, మెరకముడిదాం ప్రాంతాల్లో మాంగనీసు తవ్వకాలు మొదలై వందేళ్లు దాటిన సంగతి తమకు తెలిసినదే. గనులను ఆనుకొని, ఖనిజం లారీలు తిరిగే రోడ్ల వెంబడి ఊళ్లున్నాయి. ఆ ఊళ్లలో అంగన్‌వాడీలున్నాయి. కేంద్రానికి అద్దె ఇల్లు చూసినా, సొంత భవనానికి స్థలం ఇచ్చినా, గాలీ వెలుతురూ మరుగుదొడ్డీ వంటగదీ చూస్తున్నారు గాని, ఆ నేల మీద ఇదివరకు ఏముండేది, ఆ బోరు నీటిలో ఏముంది అని అడిగిన వారిని మేము చూడలేదు.

మా ఊరి కేంద్రంలో రాత్రి బిందెలో పట్టి ఉంచిన బోరు నీటి అడుగున తెల్లారేసరికి నల్లటి మడ్డి పేరుకుంటుంది. అది మాంగనీసో, ఇనుమో, రెండూనో పరీక్ష చేస్తే గాని తేలదు. తాగునీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీటి ఆధారం లేని చోట కూడా 0.3 దాటరాదనీ మన దేశ ప్రమాణం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పసికందులను దృష్టిలో పెట్టుకొని తాత్కాలిక పరిమితిని 0.08గా నిర్ణయించింది. నీళ్లు కాచి ఇమ్మని ఆయాకు చెప్పినంత మాత్రాన సరిపోదు. కాస్తే క్రిములు చస్తాయి గాని లోహం పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పైగా ఇనుము తక్కువైన పిల్లల ఒళ్లు మాంగనీసునూ, సీసమనే విష లోహాన్నీ ఎక్కువగా ఇంకించుకుంటుంది. రక్తహీనత తగ్గాలని గుడ్డూ పాలూ పెట్టడానికి మనం పిలిచే పిల్లలకే ఈ ముప్పు ఎక్కువన్నమాట. ఇది నన్ను అన్నిటికన్నా కలచివేసే విషయం.

అమెరికాలోని న్యూజెర్సీలో పాత థర్మామీటర్ల ఫ్యాక్టరీ భవనంలో నడిచిన శిశు సంరక్షణ కేంద్రాన్ని, లోపల పాదరసం ఉందని తేలడంతో 2006లో మూసేశారు. అక్కడి పిల్లలు కొందరి ఒంట్లో కూడా పాదరసం బయటపడింది. మరుసటి ఏడాదే, అలాంటి చోట్ల పరీక్ష లేకుండా శిశు కేంద్రానికి అనుమతి ఇవ్వకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసింది. మన దగ్గర అందాకా ఆగనక్కరలేదు.

గనుల ప్రభావం ఉన్న గ్రామాల్లో ప్రతి అంగన్‌వాడీ తాగునీటినీ, పిల్లలు ఆడుకునే చోటి మట్టినీ మాంగనీసుకూ సీసానికీ పరీక్ష చేయించవలసిందిగా, ఇకపై ఏ కేంద్రానికైనా చోటు ఖరారు చేసే ముందు రెవెన్యూ, గనుల శాఖల రికార్డుల్లో ఆ నేల పూర్వాపరాలు చూడవలసిందిగా కోరుతున్నాను. ఖర్చుకు వెతుక్కోనక్కరలేదు: 2015 నుంచి ఉన్న జిల్లా ఖనిజ నిధి తాగునీటికీ, కాలుష్య నివారణకూ, స్త్రీ శిశు సంక్షేమానికీ పెద్దపీట వేయాలన్నదే నిబంధన. ఫలితాలను తెలుగులో ప్రతి కేంద్రం గోడ మీద అతికించండి. నీరు చెడ్డదని తేలిన చోట, శాశ్వత ఏర్పాటు జరిగే వరకు వంటకూ తాగడానికీ రక్షిత నీటిని ట్యాంకరుతోనైనా అందించండి. ఈ వేసవి సెలవులు ముగిసేలోగా మొదటి విడత నమూనాలైనా తీయించాలని మనవి.

భవదీయుడు,
గరివిడి మండల వాసి