మోడల్ పేరు చెబితే డ్రైవర్ దొరకదు

సంపాదకులకు నమస్కారం.

విండోస్ ఉన్న పాత కంప్యూటర్‌లో లినక్స్ అనే రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం గురించి మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది కాబట్టి చాలామంది ఆ దారి చూస్తున్నారు. పెన్‌డ్రైవ్ తయారుచేయడం, డిస్కును రెండు భాగాలు చేయడం, ఏ మీట నొక్కితే బూట్ మెనూ వస్తుంది, అన్నీ ఓపికగా రాశారు. డ్రైవర్ల దగ్గరికి, అంటే ఒక్కో పరికరాన్ని సిస్టమ్‌తో పనిచేయించే ప్రోగ్రామ్‌ల దగ్గరికి, వచ్చేసరికి మాత్రం కంపెనీ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోమని ఒక్క వాక్యంతో తేల్చేశారు. మనుషులు ఇరుక్కునేది సరిగ్గా అక్కడే.

నేను పుస్తకాలకు డీటీపీ చేస్తాను. రోజువారీ పనంతా లినక్స్‌లోనే. ప్రచురణకర్తలు పంపే పాత ఫైళ్లు కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోవు. అందుకని అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ కూడా పెట్టాను. మీ వ్యాసం చెప్పినదానికి ఇది తిరగేసిన దారి.

మొదటి చిక్కు ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే వచ్చింది. విండోస్‌ను ఏ డిస్కులో వేయాలో అడిగే తెర వచ్చింది కానీ అందులో ఒక్క డిస్కూ లేదు. లినక్స్ హాయిగా నడుస్తున్న డిస్కు విండోస్‌కు కనిపించకపోవడమేమిటి? ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకూ సిస్టమ్‌కూ మధ్య వీఎండీ అనే కంట్రోలర్ ఉంటుంది. దాని డ్రైవర్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే వెనకున్న డిస్కు దానికి లేనట్టే. ఆ తెర మీదే లోడ్ డ్రైవర్ అనే బటన్ ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ పెట్టి చూపించవచ్చు. కానీ కంపెనీ ఇచ్చేది విండోస్‌లో నడిపితే తానే విప్పుకునే ఈఎక్స్‌ఈ ఫైలు. ఇన్‌స్టాలర్‌కు కావలసింది దాని లోపల ఉండే ఐఎన్‌ఎఫ్ ఫైలు (డ్రైవర్ ఏ పరికరానిదో, ఎలా వేయాలో రాసి ఉండేది), దాని తోడు ఫైళ్లు. ముందుగా ఇంకో కంప్యూటర్‌లో ఆ మూట విప్పుకోవాలి. ఈ సంగతి డౌన్‌లోడ్ పేజీలో ఎక్కడా లేదు.

డిస్కు దొరికాక వైఫై. కొత్తగా వేసిన విండోస్‌కు వైఫై చిప్ ఏదో తెలియదు. నెట్ ఉంటే డ్రైవర్ తెచ్చుకుంటుంది, డ్రైవర్ ఉంటే నెట్ వస్తుంది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు. పైగా విండోస్ 11 సెటప్ మధ్యలో ఆగి నెట్‌కు కలవమంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్‌లోని నెట్‌ను కంప్యూటర్‌కు ఇవ్వడం) ఆన్ చేస్తే వేరే డ్రైవర్ లేకుండానే నెట్ వస్తుంది. రెండో సిస్టమ్ వేసే ఎవరైనా ముందు పక్కన పెట్టుకోవలసింది ఆ కేబుల్.

సరే, కంపెనీ సైట్‌కు వెళ్లాను. మోడల్ పేరు కొట్టాను. వైఫై అనే వరుసలో మూడు డ్రైవర్లు: ఇంటెల్‌ది, రియల్‌టెక్‌ది, మీడియాటెక్‌ది. ఒకే మోడల్ పేరుతో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో ఏ విడతకు ఏ చిప్ అందితే అది బిగిస్తారు. నా దాంట్లో ఏది బిగించారో ఆ పేజీ చెప్పదు. మీ పరికరాన్ని మేమే గుర్తిస్తాం అంటూ ఒక ప్రోగ్రామ్ ఇస్తారు, అది విండోస్‌లో నెట్ ఉంటేనే పనిచేస్తుంది! ఆపరేటింగ్ సిస్టమ్ జాబితాలో ఇంకో వెర్షన్ ఎంచుకుంటే పేజీ ఖాళీ. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, మీ మోడల్‌కు మేము వేసి ఇచ్చిన సిస్టమ్ తప్ప వేరేదానికి సపోర్ట్ లేదండీ అన్నారు. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆమె ముందున్న కాగితంలో అంతే ఉండి ఉంటుంది.

డ్రైవర్‌కు మోడల్ పేరుతో పని లేదు, అది చూసేది చిప్ నంబర్‌ను. కంప్యూటర్ లోపల పీసీఐ అనే దారిలో కలిసే పరికరం ప్రతిదానికీ రెండు సంఖ్యలుంటాయి, ఒక్కొక్కటి నాలుగేసి అంకెలు, కొన్నిసార్లు మధ్యలో అక్షరాలు కలుస్తాయి. మొదటిది తయారీదారుది, రెండోది ఆ చిప్‌ది. ఏఎండీ గ్రాఫిక్స్‌కు మొదటి సంఖ్య 1002. ఇంటెల్‌కు 8086. ఆ సంఖ్య 1978లో వచ్చిన వాళ్ల ప్రాసెసర్ పేరే, సరదాగా పెట్టుకున్నట్టున్నారు. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తు ఉన్న పరికరం ప్రాపర్టీస్‌లోకి వెళితే ఈ సంఖ్యలు దొరుకుతాయి. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కు మైనస్ ఎన్‌ఎన్ చేరిస్తే జాబితా మొత్తం వస్తుంది. ఆ జాబితాను విండోస్ వేయకముందే కాగితం మీద రాసుకోవచ్చు. మొదటి సిస్టమ్‌ను అడిగి రెండోదానికి కావలసినవి తెలుసుకోవడమన్నమాట. లినక్స్ లేనివాళ్లు కూడా పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి ఈ పని చేసుకోవచ్చు, డిస్కును తాకక్కర్లేదు.

సంఖ్య చేతిలో ఉంటే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ అనే సైట్‌లో దానితోనే వెతకవచ్చు. జిప్ లాంటి క్యాబ్ ఫైలు వస్తుంది, విప్పి డివైస్ మేనేజర్‌కు ఆ ఫోల్డర్ చూపించాలి. నా టచ్‌ప్యాడ్ అలాగే పనిలోకి వచ్చింది. అది ఇంకా విచిత్రం. డివైస్ మేనేజర్‌లో టచ్‌ప్యాడ్ అనే పేరే లేదు, గుర్తుతెలియని పీసీఐ పరికరం ఒకటి మాత్రం ఉంది. ఇప్పటి టచ్‌ప్యాడ్‌లు చాలావరకు ఐటూసీ అనే దారిలో కలుస్తాయి. ఆ దారికి ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్ వేస్తే గానీ అవతల టచ్‌ప్యాడ్ ఉందని విండోస్‌కు తెలియదు. మోడల్ పేరు, టచ్‌ప్యాడ్ డ్రైవర్ అని ఎన్నిసార్లు వెతికినా ఆ పేరు తగలదు. సంఖ్యతో వెతికితే వెంటనే వచ్చింది.

ఇలా వెతికేవాళ్ల కోసమే కాచుకున్నట్టుంటాయి డ్రైవర్ అప్‌డేటర్ ప్రోగ్రామ్‌లు. మీ కంప్యూటర్‌లో ఇన్ని డ్రైవర్లు పాతబడ్డాయి అని ఎర్ర అక్షరాల్లో టెన్షన్ పెట్టి, బాగుచేయడానికి డబ్బు కట్టమంటాయి. డ్రైవర్ అనేది సిస్టమ్ గర్భగుడిలోకి వెళ్లే ప్రోగ్రామ్. ఎవరో తెలియని సైట్ నుంచి తెచ్చి వేసుకునే వస్తువు కాదు. కంపెనీ పేజీ ఖాళీగా ఉన్నప్పుడే జనం అటు వెళతారు.

లినక్స్ వైపు బాధ తక్కువ, ఎందుకంటే డ్రైవర్లలో ఎక్కువ భాగం సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌తోనే వస్తాయి. అక్కడి చిక్కు ఫర్మ్‌వేర్‌ది, అంటే చిప్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్‌ది. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ ఇన్‌స్టాలర్ ఒకప్పుడు వైఫై ఫర్మ్‌వేర్ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టమని మధ్యలో అడిగేది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగలది) కాని ఫైళ్లను కలపకూడదన్నది వాళ్ల పట్టుదల. 2022లో ఓటింగ్ పెట్టుకుని మనసు మార్చుకున్నారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నాయి. సిద్ధాంతం కోసం ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లే వాడేవాడి ఇబ్బంది చూసి దిగివచ్చారు. అమ్మి లాభం చేసుకున్న కంపెనీలకు ఎందుకు కుదరదు?

కుదురుతుందనడానికి ఆపిల్ బూట్ క్యాంపే రుజువు. 2006లో మొదలైన ఆ ప్రోగ్రామ్, ఇంటెల్ మ్యాక్‌లలో విండోస్ వేసుకునేవాళ్లకు కావలసిన డ్రైవర్లన్నీ ఒక్క మూటగా ఇచ్చేది. 2020 నుంచి వస్తున్న సొంత చిప్‌ల మ్యాక్‌లకు ఆ సౌకర్యం లేదు, అది వేరే సంగతి. ఆపిల్ మోడళ్లు తక్కువ కాబట్టి సాగిందని అనవచ్చు, ఒప్పుకుంటాను. నేను మూట కట్టి ఇవ్వమనడం లేదు. ప్రతి డ్రైవర్ పక్కన అది ఏ సంఖ్యల పరికరాలకో రాయమంటున్నాను. ఆ సంఖ్యలు ఐఎన్‌ఎఫ్ ఫైలులో ఉన్నవే, కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. ఈఎక్స్‌ఈతో పాటు విప్పిన ఫైళ్ల జిప్ కూడా ఉంచమంటున్నాను. మోడల్ పాతదైందని పేజీ ఎత్తేయవద్దంటున్నాను.

పాత డ్రైవర్లలో భద్రతా లోపాలుంటాయి కదా అనవచ్చు. నిజమే, కొన్నిటిలో ఉంటాయి. వాటి పక్కన ఎర్ర గీతతో హెచ్చరిక రాయండి. ప్రమాదకరమని తేలిన డ్రైవర్లను ఆపేందుకు విండోస్‌లోనే ఒక బ్లాక్‌లిస్ట్ ఉంది. లోపం ఉన్న ఒకదాని పేరు చెప్పి మొత్తం అల్మారా ఖాళీ చేయడం భద్రత కాదు.

మీ పేజీకి ఒక్క కోరిక. విండోస్ చెరిపి మళ్లీ అదే విండోస్ వేసుకునేవాళ్లు ముందు పీఎన్‌పీయుటిల్ కమాండ్‌తో, ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అనే ఆప్షన్ ఇచ్చి, తాము విడిగా వేసిన డ్రైవర్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చని వచ్చే వ్యాసంలో చెప్పండి. పరికరం సంఖ్య ఎక్కడ చూడాలో బొమ్మతో వేయండి. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరవగానే కనిపించేది డివైస్ డిస్క్రిప్షన్ మాత్రమే. అక్కడున్న చిన్న జాబితా లాగి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోవాలి. బొమ్మలో ఆ జాబితా చుట్టూ గీత గీయండి, చాలామంది అక్కడిదాకా వెళ్లి ఏమీ లేదనుకుని వెనక్కి వచ్చేస్తున్నారు.

ఇట్లు,
డీటీపీ పని చేసుకునే మీ పాఠకురాలు