ఐఎస్ఎస్ (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం) చూడ్డానికి డేటా ఎక్కడ తీసుకోవాలంటే

అందరికీ నమస్తే అండి. మొన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో మా పిల్లలతో అరగంట నిలబడ్డాం, యాప్ చెప్పిన టైముకి ఏమీ రాలేదు, చిన్నది బాగా డీలా పడిపోయింది. ఇంటికొచ్చి చూస్తే ఆ యాప్‌లో ఉన్న కక్ష్య డేటా మూడు వారాల పాతది. ఐఎస్ఎస్ ఉండేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో, అక్కడున్న పల్చటి గాలికే కొంచెం కొంచెం కిందికి దిగుతా ఉంటుంది, మధ్యమధ్యలో ఇంజిన్లు వెలిగించి మళ్ళీ పైకి లేపుతారు, అలా లేపారంటే పాత లెక్కలన్నీ తప్పే.

అందుకని సెలెస్‌ట్రాక్ వెబ్‌సైట్‌లో టీఎల్ఈ (రెండు లైన్లలో ఉండే కక్ష్య డేటా) తీసుకోండి, ఫ్రీ, లాగిన్ కూడా అక్కర్లేదు. మొదటి లైన్లో తేదీ చూడ్డం మాత్రం మర్చిపోవద్దు. 25120.5 అని ఉందనుకోండి, 2025లో 120వ రోజు అంటే ఏప్రిల్ 30, ఆ .5 ఏమో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం మధ్యాహ్నం 12, మనకి సాయంత్రం 5:30. ఐఎస్ఎస్‌కైతే ఒకట్రెండు రోజుల లోపుదే వాడండి. ఇదంతా ఎందుకు అనుకునేవాళ్ళు హెవెన్స్ అబవ్ వెబ్‌సైట్‌లో లొకేషన్ విశాఖపట్నం పెట్టుకుంటే చాలు, ముందు లొకేషన్ సరిచూసుకోండి, హైదరాబాద్ ఉంటే టైము, ఎత్తు రెండూ మారిపోతాయి.

ఇంకోటి, సాయంత్రం పూట అది తూర్పుకి, సముద్రం మీదకి వెళ్తా వెళ్తా ఆకాశం మధ్యలోనే మాయమైపోతే కంగారు పడకండి, భూమి నీడలోకి వెళ్ళిందంతే.

శనివారం రుషికొండకి ఎవరెవరు వస్తున్నారు? పొద్దున్నే కొత్త డేటా తీసి టైము ఇక్కడే పెడతాను.